దారిబత్తెం

పిల్లలూ, పూర్వం మన పెద్దవాళ్లు ఊరు వెళ్లేటప్పుడు వెంట కట్టుకుపోయే తిండిని దారిబత్తెం అనేవాళ్లు. ఇప్పుడా మాట వినబడటం తగ్గిపోయింది. రోడ్లు బాగుపడ్డాయి. దారి పొడుగునా హోటళ్లు వెలిశాయి. "చేతిలో డబ్బుంటే చాలదూ? మూటలు మోసుకుపోవటం దేనికి?" అని చాలామంది అనుకుంటున్నారు.

అయితే, సెలవుల్లో దూరప్రయాణం చేసి వచ్చినవాళ్ల ఇళ్లలో ఒక మాట తరచు వినిపిస్తూ ఉంటుంది. "దారిలో ఏం తిన్నాడో ఏమో, బండి దిగేసరికి వాంతులు పట్టుకున్నాయి!" అంటారు. ఆ పిల్లవాడు అంత దూరం వెళ్లింది పెళ్లి చూడటానికో, కొండ ఎక్కటానికో, సముద్రంలో ఆడుకోవటానికో. తీరా వెళ్లి ఏం చేశాడు? మంచాన పడుకున్నాడు!

ఇది ఆ పిల్లవాడి ఖర్మ కాదు. ప్రతిసారీ హోటలువాళ్ల తప్పూ కాదు. ఇంట్లో శుచిగా వండి తెచ్చుకున్న తిండి కూడా వేళ తప్పి తింటే ఇంత పనీ చేస్తుంది. ఏ తిండి ఎన్ని గంటలు ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలిసినవాడికి ఈ బాధ చాలావరకు ఉండదు. ఈ నెల మనం ఆ సంగతే తెలుసుకుందాం.

ఊరికే చెప్పుకుంటే బాగుండదు గనక, ఒక నిజమైన దారి పట్టుకుని పోదాం. హైదరాబాదు నుంచి తిరుపతికి కారులో బయలుదేరుతున్నాం. జడ్చర్ల, కర్నూలు, నంద్యాల, మైదుకూరు, కడప, రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా సుమారు 560 కిలోమీటర్లు. దారిలో బీచుపల్లి దగ్గర కృష్ణనూ, కర్నూలు దగ్గర తుంగభద్రనూ, చెన్నూరు దగ్గర పెన్ననూ దాటతాం. తెల్లవారుజామున 5 గంటలకు కదిలి, ఆగవలసిన చోట ఆగుతూ పోతే, సాయంత్రం 5 గంటలకు చేరుకోవచ్చు. అంటే పన్నెండు గంటల ప్రయాణం.

ఈ దిక్కున ఇంచుమించు రెండు వందల ఏళ్ల కిందట ఒక పెద్దమనిషి ఎదురుగా వచ్చాడు. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసేవాడు. 1830 మే 18న ఆయన దాదాపు వందమంది పరివారంతో మద్రాసులో బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లాడు. 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. తన ప్రయాణం సంగతులన్నీ ఆయన రాసిపెట్టుకున్నాడు. అదే "కాశీయాత్ర చరిత్ర" అనే పుస్తకం. అందులో ఆయన గుళ్లూ గోపురాల గురించి మాత్రమే రాసి ఊరుకోలేదు. ఏ మజిలీలో మంచినీళ్లున్నాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, బాటసారికి ఏమేం దొరుకుతాయి - ఇవన్నీ పని పెట్టుకుని రాశాడు. ఎందుకంటే, వందమందికి నీళ్లూ, తిండీ సరిగా లేకపోతే యాత్ర సాగదని ఆయనకు తెలుసు. కారులో నలుగురు పోయినా ఆ సూత్రం మారలేదు.

ఇరవై నిమిషాల లెక్క

మన తిండిని పాడుచేసేది కంటికి కనబడని బ్యాక్టీరియా. ఇది గాలిలోనూ, మట్టిలోనూ, మన చేతుల మీదా ఉంటుంది. దీనికి మూడు కావాలి: తిండి, తడి, వెచ్చదనం. ఈ మూడూ దొరికితే కొన్ని రకాల బ్యాక్టీరియా 20 నిమిషాలకు ఒకసారి రెండింతలు అవుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. అప్పటికి గంట గడిచింది.

ఎనిమిదేగదా అనుకోకండి. కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వెయ్యండి. రెండు గంటలకు 64. మూడు గంటలకు 512. నాలుగు గంటలకు 4,096. అయిదు గంటలకు 32,768. ఆరు గంటలకు 2,62,144. ఏడు గంటలకు 20,97,152! తెల్లవారుజామున గిన్నెలో ఒకే ఒక్కటి ఉంటే, మధ్యాహ్నం భోజనం వేళకు ఇరవై లక్షలు దాటిపోయినవన్నమాట. నిజానికి గిన్నెలో ఒకటే ఉండటం ఎన్నడూ జరగదు.

అయితే వాటికి వెచ్చదనం కావాలన్నాం గదా. 5 డిగ్రీల చలికీ, 60 డిగ్రీల వేడికీ మధ్య అవి హాయిగా పెరుగుతాయి. అందుకే వండిన తిండిని మామూలు గదివేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కారులో సంగతి మరీ అన్యాయం. బయట 35 డిగ్రీలు ఉన్న రోజున ఎండలో నిలిపి, అద్దాలు బిగించిన కారు లోపల గంటలో 50 డిగ్రీల వరకు పోగలదు. ఆ వేడికి బ్యాక్టీరియా చావదు, కాని మంచి తిండి చెడిపోతుంది. అందుచేత తిండి సంచీని వెనక అద్దం కింద పెట్టకూడదు. మన కాళ్ల దగ్గర, నీడన పెట్టుకోవాలి. కారు దిగేటప్పుడు దాన్ని కూడా వెంట తీసుకుపోతే ఇంకా మంచిది.

అన్నం గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. బియ్యంలో "బాసిల్లస్ సీరియస్" అనే బ్యాక్టీరియా తాలూకు బీజాలు ఉండవచ్చు. అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. అన్నాన్ని వెచ్చగా, తడిగా గంటల తరబడి ఉంచితే అవి మొలకెత్తి పెరిగి విషం తయారుచేస్తాయి. తరవాత ఆ అన్నాన్ని ఎంత వేడిచేసినా, వాంతులు తెప్పించే ఆ విషం పోదు. ఒట్టి అన్నమూ, పప్పూ, కూరా క్యారియరులో పెట్టి మధ్యాహ్నం దాకా మోసుకుపోవటం మంచిది కాదనేది ఇందుకే.

ఇద్దరు కాపలావాళ్లు

మరి మన పెద్దవాళ్లు ఫ్రిజ్ లేకుండా తిండి మూటకట్టుకుని రోజుల తరబడి ఎలా ప్రయాణం చేశారు? వాళ్లు ఆ మూటకు ఇద్దరు కాపలావాళ్లను పెట్టారు. ఒకడి పేరు పులుపు. రెండోవాడి పేరు పొడి.

పులుపు అంటే ఆమ్లం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉన్నది. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం ఉన్నది. పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉన్నది. బాగా పులుపు ఉన్నచోట రోగాలు తెచ్చే బ్యాక్టీరియా చాలావరకు పెరగలేదు. పులిహోర ప్రయాణపు వంటకం అయిందంటే దాని రుచి ఒక్కటే కారణం కాదు. ప్రతి మెతుకుకూ పులుపు పట్టటమే అసలు కారణం.

పులిహోర కలిపేటప్పుడు అమ్మమ్మ అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోస్తుంది. చూశారా? వేడి అన్నాన్ని అలాగే డబ్బాలో కుక్కి మూతపెడితే, ఆవిరి మూతకు కొట్టుకుని నీరై మళ్లీ అన్నంలో పడుతుంది. మధ్యలో ఉన్న అన్నం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. బ్యాక్టీరియాకు అంతకన్న పండగ ఏముంటుంది? పళ్లెంలో పలచగా ఆరబోస్తే అన్నం త్వరగా చల్లారుతుంది, అదనపు తడి ఆరిపోతుంది. అమ్మమ్మకు బ్యాక్టీరియా పేరు తెలియకపోవచ్చు. దాన్ని ఎలా ఓడించాలో మాత్రం బాగా తెలుసు.

పెరుగన్నంలో ఇంకొక యుక్తి ఉన్నది. అన్నంలో కాచిన గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు కలిపి డబ్బాకు ఎత్తుతారు. పెరుగులో ఉండే మంచి బ్యాక్టీరియా పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. కారు కర్నూలు దాటేసరికి డబ్బాలో పాలు తోడుకుంటాయి. పొద్దుటే పెరుగు పోసి కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడి తినలేము. పాలు పోసి తోడువేస్తే సరిగా భోజనం వేళకు కమ్మగా ఉంటుంది. ఒక బ్యాక్టీరియాను ఇంకొక బ్యాక్టీరియా మీద కాపలా పెట్టటమంటే ఇదే!

ఇక రెండో కాపలావాడు పొడి. బ్యాక్టీరియా తాగటానికి నీళ్లు లేకపోతే తిండి ఎంత ఉన్నా పెరగలేదు. అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, పల్లీలు, నువ్వుండలు, పల్లీపట్టీ, కాల్చి ఆరబెట్టిన జొన్నరొట్టె - ఇవన్నీ వారం రోజులున్నా చెడవు. పైగా ఇవి ఒట్టి కాలక్షేపపు తిండి కూడా కాదు. 100 గ్రాముల పల్లీలలో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులున్నాయి. ఒక్క జాగ్రత్త: అయిదేళ్లలోపు తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ కదిలే బండిలో పల్లీలు, శనగలు పెట్టకండి. బండి కుదిపితే గొంతుకు అడ్డం పడవచ్చు.

ఇంతవరకు తెలిశాక మన ప్రయాణానికి సూత్రం ఏమిటో మీరే చెప్పగలరు. తడిది ముందు, పుల్లనిది తరవాత, పొడిది ఆఖరున. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, ఏ డబ్బా ఎప్పుడు విప్పాలో ఎవరినీ అడగనక్కరలేదు.

ఇక బయలుదేరుదాం

ఉదయం 5 గంటలు. ఏమీ తినకుండా బయలుదేరకండి. అలాగని కడుపునిండా తినీ బయలుదేరకండి. రెండింటివల్లా బండిలో కడుపు తిప్పుతుంది. ఒక అరటిపండు చాలు. బండిలో వికారం ఎందుకు వస్తుందో తెలుసా? మీరు తలవంచుకుని ఫోనో, పుస్తకమో చూస్తూ ఉంటే, "మనం కదలటం లేదు" అని కళ్లు మెదడుకు చెబుతాయి. చెవి లోపల ఉన్న తూకపు యంత్రం "కదులుతున్నాం, మలుపు తిరుగుతున్నాం" అని చెబుతుంది. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెప్పేసరికి మెదడు తికమక పడుతుంది. దూరంగా రోడ్డు వంక చూస్తే ఇద్దరి సాక్ష్యమూ ఒకటవుతుంది.

8 గంటలు. బీచుపల్లి వంతెన దగ్గరికి వచ్చాం. ఇప్పుడు తడి వంటకం తినాలి. ఇడ్లీలు విప్పండి. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసింది గనక దానిలోనూ కొంత పులుపు కాపలా ఉన్నది. పైగా అది ఆవిరిమీద ఉడికింది. అయితే ఇడ్లీ వెంట కొబ్బరిచట్నీ తేవద్దు. పచ్చికొబ్బరి త్వరగా పాడవుతుంది. దాని బదులు కందిపొడో, కారప్పొడో నూనెతో కలిపి ఇడ్లీలకు పట్టించి తెచ్చుకుంటే పొడి కాపలాకు పొడి, రుచికి రుచి. ఇడ్లీలు మిగిలితే మధ్యాహ్నానికి దాచవద్దు. గుడ్లు ఉడికించి తెచ్చుకుంటే అవి కూడా ఈ పూటే పెంకు ఒలిచి తినెయ్యాలి.

పదిన్నర. నంద్యాల దగ్గర పడుతున్నది. ఆకలిగా ఉన్నదనిపిస్తుంది. ఒక్క క్షణం ఆలోచించండి. అది ఆకలేనా, లేక ఊసుపోకా? మనం పొద్దుటినుంచి కూర్చునే ఉన్నాం. పరుగెత్తలేదు, ఆడలేదు. కారులో పొట్లాలు విప్పించేది చాలాసార్లు ఆకలి కాదు, తోచకపోవటమే. అప్పుడు నీళ్లు తాగి చూడండి. అప్పటికీ ఆకలివేస్తే పండు తినండి.

పండు అన్నాం గనక ఒక మాట. మనం బయలుదేరిన హైదరాబాదులోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. అది 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మనం రోజంతా తినే తిండిలో ఇంచుమించు సగం కూరగాయలూ, ఆకుకూరలూ, పండ్లూ ఉండాలని 2024లో అది ప్రకటించిన ఆహార సూత్రాలు చెబుతున్నవి. ప్రయాణంలో మనం మరిచిపోయేది సరిగా ఈ సగాన్నే! అన్నం తింటాం, అప్పచ్చులు తింటాం, ఆకుపచ్చనిది ఒక్కటీ తినం. ఊరు చేరాక రెండు రోజులు విరేచనం సాఫీగా కాక బాధపడేది అందుకే.

దీనికి ఉపాయం తేలిక. తొక్క ఉన్న పండ్లు తెచ్చుకోండి. అరటి, బత్తాయి, కమలా, దానిమ్మ, కీరదోస. తొక్క అనేది ప్రకృతి వేసిన మూత. అది తీసేదాకా లోపలికి దుమ్ము పోదు, ఈగ పోదు. జామకాయలు, కారెట్లు ఇంటిదగ్గరే కడిగి, తుడిచి తెచ్చుకోవాలి. రోడ్డు పక్కన ముక్కలు కోసి పెట్టిన పుచ్చకాయ ఎంత ఎర్రగా ఊరించినా కొనవద్దు. కోసిన కత్తీ, కడిగిన నీళ్లూ, వాలిన ఈగలూ మీకు తెలియవు గదా. కావాలంటే కాయ కొనుక్కుని ఇల్లు చేరాక కోసుకోండి.

పన్నెండున్నర. మైదుకూరు వచ్చింది. ఎక్కడన్నా చెట్టునీడన ఆగి, ఇప్పుడు పుల్లని డబ్బాలు విప్పాలి. పులిహోర ముందు, పెరుగన్నం తరవాత. మిగిలితే ఎవరికన్నా పెట్టండి, లేదా పారెయ్యండి. "సాయంత్రం తిందాం" అని మాత్రం తిరిగి మూతపెట్టకండి. పులుపు కాపలావాడు మంచివాడే కాని, వాడికీ రాత్రిదాకా ఓపిక ఉండదు.

తినేముందు చేతులు సబ్బుతో కడగాలి. ఒకటి నుంచి ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెట్టేంతసేపు రుద్దాలి. సీసాలో ఉండే చేతి మందు చాలునని కొందరు అనుకుంటారు. చేతులకు మట్టో, జిడ్డో కనబడుతూ ఉంటే అది సరిగా పనిచెయ్యదు.

4 గంటలు. కోడూరు. ఈ చుట్టుపట్ల అరటి, బొప్పాయి, మామిడి తోటలు ప్రసిద్ధి. ఇప్పుడు పొడి మూట విప్పుకోవచ్చు. అది అయిపోకపోయినా దిగులు లేదు. టైరు పంక్చరయినా, ఎక్కడో లారీ అడ్డంపడి బండ్లు నిలిచిపోయినా, మూడు గంటలు ఆలస్యమైనా ఆ మూట మనను ఆదుకుంటుంది. పొడి మూటను ఆఖరుకు ఉంచమన్నది అందుకే.

నీళ్ల సంగతి

తిండి ఒక పూట తప్పినా మనిషికి ఏమీ కాదు. నీళ్లు తప్పితే అవుతుంది. ప్రయాణంలో నీళ్లు తాగకపోవటానికి అసలు కారణం దాహం లేకపోవటం కాదు. "నీళ్లు తాగితే మధ్యలో బండి ఆపమనాలి" అని చాలామంది మొహమాటపడతారు. ఆడపిల్లలూ, అమ్మలూ, బామ్మలూ మరీను. పొద్దుటినుంచి సాయంత్రందాకా గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చుంటారు. దానివల్ల తలనొప్పి వస్తుంది, మూత్రం మంట పుడుతుంది. కనక బయలుదేరేముందే ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోండి: రెండు గంటలకు ఒకసారి బండి ఆగవలసిందే, ఎవరూ అడగనక్కరలేదు. మంచి మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకో, హోటలో చూసుకుని ఆగితే అందరికీ సుఖం.

ఎన్ని నీళ్లు తాగాలి? మీ శరీరమే చెబుతుంది. మూత్రం లేత పసుపుగా ఉంటే చాలినన్ని తాగుతున్నట్టు. చిక్కని పసుపుగా ఉంటే చాలటం లేదన్నమాట. నీళ్లు ఇంటినుంచి తెచ్చుకోవటమే మేలు. చల్లని తీపి పానీయాలు దాహం తీరుస్తాయనుకోకండి. వాటిలో చాలావాటికి 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా తాగితే ఏడెనిమిది చెంచాల చక్కెర నోట్లో పోసుకున్నట్టు! మజ్జిగ ఇంటినుంచి తెచ్చుకుంటే ముందు పూటే తాగెయ్యండి. దారిలో కొబ్బరిబోండాం దొరికితే మీ ఎదుట కొట్టించుకుని తాగండి.

ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కసారి విరేచనాలు పట్టుకోవచ్చు. అప్పుడు ఒంట్లో నీరూ, ఉప్పూ పోతాయి. ప్రాణం మీదికి వచ్చేది అదే. ఈ ప్రమాదానికి విరుగుడు మన దేశంలోనే ఘనంగా రుజువయింది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి - అదే ఇప్పటి బంగ్లాదేశ్ - లక్షలాదిమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్లో బనగాఁవ్ అనేచోట శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైను అయిపోయింది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ, గ్లూకోజూ, సోడా నీళ్లలో కలిపించి రోగులచేత తాగించాడు. నూటికి ముప్పైమంది దాకా చనిపోతున్నచోట ఆ సంఖ్య నూటికి నలుగురికన్న తక్కువకు దిగింది. ఆయన 2022లో కన్నుమూశాడు. 2023లో మన ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇది ఎలా పనిచేస్తుందంటే, పేగు గోడలో ఒక చిన్న ద్వారం ఉన్నది. చక్కెర, ఉప్పు జతగా వస్తే ఆ ద్వారం ఇద్దరినీ లోపలికి పోనిస్తుంది. వాటి వెంట నీరు కూడా లోపలికి పోతుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. అందుచేత ప్రతి ప్రయాణపు సంచీలో ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఉండాలి. పొట్లం మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపాలి. పొట్లం దొరకకపోతే, లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువ వెయ్యటం ప్రమాదం.

కొనేటప్పుడు పొట్లం చదవండి. ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలతో పేరు పెట్టుకుని, లోపల పంచదార ఎక్కువగా ఉన్న పండ్లరసాలు చాలాకాలం అమ్ముడుపోయాయి. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడింది. చివరకు 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలకు ఆ పేరు వాడరాదని ఉత్తరువు ఇచ్చింది. ఒక పేరు సరిగా చదవటంలో కూడా ప్రాణరక్షణ ఉన్నదని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. రోగి నీళ్లు కూడా తాగలేకపోయినా, మగతగా పడిఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఊరు చేరేదాకా ఆగకుండా 108కి ఫోను చెయ్యమని పెద్దవాళ్లకు చెప్పండి.

హోటల్లో తినవలసివస్తే

మూట తేలేకపోయారనుకోండి. హోటల్లో తింటే పాపమేమీ లేదు. కాని ఎంచుకోవటం తెలియాలి. జనం బాగా వచ్చిపోతున్న హోటలు చూడండి. అక్కడ వంటకాలు నిలవ ఉండవు. మీ ఎదుట పెనం మీద కాలిన దోసె, ఆవిరి కక్కుతున్న ఇడ్లీ, పొగలు చిమ్మే సాంబారు - వీటికి వేడే కాపలా. చల్లారిన కూర, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, బల్లమీద జగ్గులో నీళ్లు, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని మంచు - వీటికి ఏ కాపలా లేదు. "వేడిగా ఉన్నదా? మూతపెట్టి ఉన్నదా? ఇప్పుడు చేసిందేనా?" అని మూడు ప్రశ్నలు వేసుకోండి. మూడింటికీ జవాబు అవునైతే తినండి.

ఆఖరుగా, కారు నడిపే నాన్ననో, బాబాయినో, అమ్మనో మరిచిపోకండి. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మనిషికి సహజంగానే కునుకు వస్తుంది. దానికి తోడు భారీ భోజనం చేస్తే రెప్పలు వాలిపోతాయి. వెనక కూర్చున్నవాడు తిని నిద్రపోతే ఏమీ కాదు. చక్రం పట్టుకున్నవాళ్లు క్షణం కునికితే అందరి ప్రాణాల మీదికీ వస్తుంది. అందుచేత వాళ్లకు మధ్యాహ్నం కొంచెమే పెట్టి, మిగిలింది రెండు గంటల తరవాత పెట్టండి. నిద్ర వస్తున్నదంటే బండి ఆపించి కాసేపు పడుకోనివ్వండి. తిరుపతి కొండ ఎక్కడికీ పోదు.

మీరే చేసి చూడండి

మూడు చిన్న మూతల గిన్నెలు తీసుకోండి. మొదటి దానిలో రెండు చెంచాల ఒట్టి అన్నం వెయ్యండి. రెండో దానిలో అంతే అన్నం వేసి, ఒక నిమ్మచెక్క రసం బాగా కలపండి. మూడో దానిలో పొడి అటుకులు వెయ్యండి. మూతలు పెట్టి, ఏ గిన్నెలో ఏమున్నదో కాగితం మీద రాసి అంటించి, ఒకేచోట పెట్టండి. పూటపూటకూ మూత తీసి, దూరం నుంచే రంగూ, వాసనా గమనించి పుస్తకంలో రాసుకోండి. వేలు పెట్టకండి, రుచి చూడకండి. రెండు రోజుల తరవాత పెద్దవాళ్లచేత పారవేయించి, గిన్నెలూ చేతులూ సబ్బుతో కడుక్కోండి. ఏ గిన్నె ముందు ఓడిపోయిందో, ఏది ఆఖరుదాకా నిలిచిందో మీకే తెలుస్తుంది.

పెద్దల మాట చద్దిమూట అని సామెత ఉన్నది. చద్దిమూట ఆకలివేళకు అక్కరకు వచ్చినట్టే పెద్దల మాట కూడా వస్తుందని దాని భావం. ఈసారి సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు మూట కట్టే పని మీరే అడిగి తీసుకోండి. డబ్బాల మీద 1, 2, 3 అని అంకెలు వెయ్యండి. ఒకటి తడిది, రెండు పుల్లనిది, మూడు పొడిది. ఇంట్లో ఎవరు ఏ డబ్బా ముందు తియ్యబోయినా, "ఆగండి, దాని వేళ ఇంకా కాలేదు" అని చెప్పవలసిన పూచీ మీదే.